షుగర్ పడిపోతే పసిగట్టే కుక్క



షుగర్ ఉన్న ఇంట్లో భయమంతా షుగర్ పెరగడం గురించే ఉంటుంది. ఫలానావారికి నాలుగు వందలు దాటిందట, ఇంకొకరికి కాలి వేలు తీసేశారట అని పెళ్లిళ్లలో, పేరంటాల్లో చెప్పుకుంటూనే ఉంటాం. షుగర్ పడిపోవడం గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడరు. పెరిగిన షుగర్ ఒంటిని పాడు చేయడానికి ఏళ్లు పడుతుంది. పడిపోయిన షుగర్‌కు ఒక్క రాత్రి చాలు.

రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే లో షుగర్ అంటారు డాక్టర్లు. 54 కంటే తగ్గితే అది ప్రమాదం. మెదడు ముఖ్యంగా గ్లూకోజ్ మీదే నడుస్తుంది కాబట్టి అది తగ్గగానే ఒళ్లు గోల చేస్తుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఆకలి దంచేస్తుంది, ఉన్నట్టుండి అందరి మీదా చిరాకు వస్తుంది. ఇవన్నీ మంచి గుర్తులే. వచ్చినవాళ్లు లేచి చక్కెర నోట్లో వేసుకుంటారు. చిక్కు ఎక్కడంటే, ఏళ్ల తరబడి ఇన్సులిన్ తీసుకుంటూ మాటిమాటికీ లో అయ్యేవాళ్లలో కొందరికి ఈ గుర్తులు రావడం మానేస్తాయి. బాగానే మాట్లాడుతున్న మనిషి ఒక్కసారిగా మాట తడబడి కూలబడతాడు. ఇక చిన్నపిల్లలకైతే ఏమవుతోందో చెప్పడమే రాదు. ఆ పైన అందరికీ రాత్రి నిద్ర ఒకటి ఉంది. నిద్రలో చెమటలు పడితే కరెంటు పోయిందేమో అనుకుని అటు తిరిగి పడుకుంటాం.

ఇది చిన్నపిల్లలకు వచ్చే టైప్ 1 వాళ్ల గొడవ మాత్రమే అనుకోకండి. ఐసీఎంఆర్ 2023లో బయటపెట్టిన సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు. వాళ్లలో గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు చాలామందే. మాత్ర వేసుకుని ఏకాదశి ఉపవాసం ఉన్న నాయనమ్మకూ, డాక్టర్ని అడగకుండా రోజా పట్టిన పెద్దాయనకూ లో షుగర్ వస్తుంది.

ఇప్పుడు కుక్క సంగతికి వద్దాం.

బ్రిటన్ వైద్యులు నడిపే బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2000 డిసెంబరు సంచికలో ముగ్గురు మహిళల గురించి, వాళ్ల మూడు కుక్కల గురించి ఒక చిన్న వ్యాసం వచ్చింది. క్రిస్మస్ సంచిక కాబట్టి శీర్షిక కాస్త సరదాగా పెట్టారు కానీ లోపల విషయం గట్టిదే. క్యాండీ అనే కుక్క యజమానురాలికి షుగర్ పడిపోగానే ఎగిరి దూకి, గదిలోంచి పరుగెత్తి, హాల్లో కుర్చీ కింద దాక్కునేది. ఆవిడ ఏదైనా తిన్నాక గానీ బయటికి వచ్చేది కాదు. సూసీ నిద్రపోతున్న మనిషిని ముక్కుతో పొడిచి లేపేది. నాట్ అనే మూడోది రాత్రిపూట పడకగది తలుపు గీరుతూ అరిచేది. ఈ మూడింటికీ ఎవరూ ఏదీ నేర్పలేదు. వాటంతట అవే కనిపెట్టాయి. ఇంకో సంగతి, మూడింటిలో మేలుజాతి కుక్క నాట్ ఒక్కటే. మిగిలిన రెండూ సంకరజాతివి. మన గల్లీలో తిరిగే కుక్కను తెచ్చుకుని పెంచుకున్నవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోండి. ఈ పని కోసం లాబ్రడార్‌నే కొనాలని రూలేమీ లేదు.

అసలు కుక్క ఏం పసిగడుతోంది? మన ముక్కులో వాసన పట్టే కణాలు యాభై అరవై లక్షలుంటే, కుక్క ముక్కులో ఇరవై కోట్లకు పైమాటే. షుగర్ పడిపోయినప్పుడు మన ఊపిరిలో, చెమటలో ఏదో మారుతోందన్నది నిజం. ఏమిటన్నదే ఇంకా పూర్తిగా తేలలేదు. కేంబ్రిడ్జ్ వైద్యులు టైప్ 1 ఉన్న ఎనిమిది మంది మహిళలకు ఆసుపత్రిలో జాగ్రత్తగా షుగర్ తగ్గించి, వాళ్ల ఊపిరిని పరీక్షించి 2016లో ఫలితం చెప్పారు. ఐసోప్రీన్ అనే వాయువు బాగా పెరిగిందట, కొందరిలో దాదాపు రెట్టింపు అయిందట. కుక్క పట్టుకునేది దాన్నేనా, దానితో పాటు ఇంకేవైనా కలుస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న. ఒంట్లో వచ్చే మార్పుతో పాటు మన నడక, చూపు, వణుకు కూడా కుక్క చూస్తూనే ఉంటుందన్నది మరవకూడదు.

వాసనతో రోగం పట్టడం అనగానే సికింద్రాబాద్‌వాళ్లకు ఒక పాత లింకు దొరుకుతుంది. బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి అందులో మలేరియా క్రిమిని చూశాడు. దానికి 1902లో నోబెల్ వచ్చింది. ఆ మలేరియానే ఇప్పుడు కుక్కలు సాక్సు వాసన చూసి పడుతున్నాయి. ఆఫ్రికాలోని గాంబియాలో పిల్లలు ఒక రాత్రి తొడుక్కున్న సాక్సులను బ్రిటన్ తీసుకెళ్లి, శిక్షణ ఇచ్చిన కుక్కల ముందు పెట్టారు. మలేరియా ఉన్న పిల్లల సాక్సుల్లో పదింటికి ఏడు, లేని పిల్లలవాటిలో పదింటికి తొమ్మిది అవి సరిగ్గా చెప్పాయి. మన సైన్యం కూడా 2021 ఫిబ్రవరిలో చెమట, మూత్రం వాసనతో కోవిడ్‌ను పట్టే కుక్కలను ఢిల్లీలో చూపించింది. వాటిలో జయ అన్నది చిప్పిపారై జాతి, అచ్చంగా తమిళనాడుది. మనకు దగ్గర్లో మొయినాబాద్‌లో తెలంగాణ పోలీసు జాగిలాలకు శిక్షణ ఇచ్చే చోటు ఉంది. సికింద్రాబాద్ స్టేషన్లో సామాన్ల వరుస వెంట ముక్కు ఆనిస్తూ వెళ్లే ఆర్‌పీఎఫ్ జాగిలాన్ని చూడనివాళ్లు తక్కువ. పద్ధతి అక్కడా ఇక్కడా ఒకటే. వాసన చూపించాలి, పట్టగానే మెచ్చుకుని తిండి పెట్టాలి. తేడా ఏమిటంటే, జాగిలం డ్యూటీ అయ్యాక కెన్నెల్‌కు వెళ్లిపోతుంది. ఇంటి కుక్కకు డ్యూటీ అయిపోవడమంటూ ఉండదు.

మరి ఇంట్లో ఉన్న కుక్కకు ఇది నేర్పగలమా? నేర్పగలం. ఎలాగో చెప్పే ముందు, చేదు మాటలు కొన్ని చెప్పి తీరాలి. వినేవారిలో పిల్లల కోసం రాత్రుళ్లు మేలుకునే తల్లిదండ్రులు ఉంటారు. వాళ్ల ఆశతో వ్యాపారం చేసేవాళ్లూ ఉంటారు.

అమెరికాలో 2017లో ఒక పరిశీలన జరిగింది. శిక్షణ పొందిన కుక్కలున్న ఎనిమిది మందికి ఒంటికి సెన్సర్ కూడా పెట్టి, రెండూ పోల్చి చూశారు. లో షుగర్ వచ్చినప్పుడు కుక్క వేళకు చెప్పింది నూటికి 36 సార్లే. అంతకంటే ఇబ్బంది పెట్టేది మరొకటుంది. కుక్క వంద సార్లు పిలిస్తే నిజంగా లో ఉన్నది 12 సార్లు. మిగతావన్నీ బిస్కెట్ కోసమో, బయటికి వెళ్లడానికో, ఊరికేనో. పైగా రెండూ పట్టిన సందర్భాల్లో ఎక్కువసార్లు సెన్సర్ ముందు, కుక్క తర్వాత. రెండేళ్ల తర్వాత బ్రిటన్‌లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు 27 కుక్కలను చూస్తే లెక్క మారింది. మధ్యస్థంగా తీసుకుంటే నూటికి 83 లోలను అవి పట్టుకున్నాయి. అయితే కుక్కకూ కుక్కకూ తేడా చాలా కనబడింది. ఆ కుక్కలను తీర్చిదిద్దింది 2008లో మొదలైన మెడికల్ డిటెక్షన్ డాగ్స్ అనే సంస్థ. ఇంటికి పంపాక కూడా ఏళ్ల తరబడి రికార్డులు రాయించి, వెనక ఉండి చూసుకుంటుంది. నాకు అర్థమైనంతలో తేడా అంతా అక్కడే ఉంది. కుక్క ముక్కు రెండు చోట్లా అదే. వెనకాల మనుషుల క్రమశిక్షణ వేరు.

అమెరికాలోనే వర్జీనియా రాష్ట్రంలో షుగర్ పట్టే కుక్కలంటూ ఒక సంస్థ ఒక్కో కుక్కనూ 18 వేల నుంచి 27 వేల డాలర్లకు అమ్మింది. తీరా చూస్తే చాలావరకు మామూలు కుక్కపిల్లలేనని ఆరోపిస్తూ ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ 2018లో కోర్టుకెక్కాడు. రేపు మనదగ్గర కూడా ఎవరో ఒకరు బోర్డు పెడతారు. లక్షలు పోసి రెడీమేడ్‌గా కొనే ఆలోచన ఉంటే మానుకోండి. ఇంట్లో ఇప్పటికే మీ పిల్లవాడి మంచం కింద పడుకునే కుక్క ఉంటే, దానితో ప్రయత్నించి చూడండి. పోయేది కాస్త చికెన్.

అన్ని కుక్కలూ దీనికి పనికిరావు. ఒక మూలన పడుకుని పిలిచినా కన్నెత్తి చూడని సాధువులు వద్దు. మీ వెంటే తిరుగుతూ, అనుకున్నది జరిగేదాకా ప్రాణం తీసే కుక్క ఉంటుంది చూశారూ, మామూలుగా మనం విసుక్కునేది, అదే కావాలి. రాత్రి రెండింటికి మిమ్మల్ని లేపాల్సింది అది. ఒకసారి పొడిచి, మీరు కదలకపోతే పోనీలే అని పడుకునే కుక్కతో పని జరగదు.

మొదటి పని వాసన సేకరించడం. మీటర్‌లో 70 కంటే తగ్గినట్టు కనబడినప్పుడు నుదుటి మీద, మెడ వెనక, అరచేతుల్లో చెమటను శుభ్రమైన దూదితోనో గాజుగుడ్డతోనో అద్ది తీసుకోవాలి. ఇక్కడ ఒక షరతు. ఒకరు పంచదార నీళ్లు కలుపుతుంటే ఇంకొకరు దూది అద్దాలి. ఇంట్లో రెండో మనిషి లేకపోతే ఆ వాసన వదిలేయండి, ముందు మనిషిని చూడండి. మగతగా ఉన్నవాళ్ల నోట్లో దూది పెట్టడం లాంటివి అసలు చెయ్యకూడదు. శాంపిల్ దొరుకుతుందని అన్నం ఆలస్యం చెయ్యడం, ఇన్సులిన్ ఒక యూనిట్ ఎక్కువ వెయ్యడం పాపం కిందికే వస్తుంది.

తీసిన దూదిని గాలి చొరని చిన్న గాజుసీసాలో పెట్టి, తేదీ, వేళ, మీటర్ అంకె రాసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఇంట్లో ఖాళీగా ఉన్నాయి కదా అని పచ్చడి సీసాలు తీయకండి. ఆవకాయ పెట్టిన సీసాను ఏడుసార్లు కడిగి ఎండలో పెట్టినా మనకు పోయిందనిపించే వాసన కుక్కకు పోదు. అది షుగర్ బదులు ఆవపిండి నేర్చుకుని కూర్చుంటుంది. సీసాలన్నీ కొత్తవి, ఒకే రకానివి కొనండి. దూది కూడా ఒకే ప్యాకెట్ లోంచి తీయండి. దూదిని చేత్తో కాకుండా పట్టకారుతో ముట్టుకోండి.

లో శాంపిళ్లతో పాటు మామూలు శాంపిళ్లూ కావాలి. అదే మనిషికి షుగర్ బాగున్నప్పుడు, నూట ఇరవై చూపించినప్పుడు, అదే పద్ధతిలో తీసినవి. ఆడుకుని వచ్చాక చెమట పట్టినవి కూడా కొన్ని ఉండాలి. చాలామంది వదిలేసేది ఈ పనే. మామూలు శాంపిల్ లేకుండా నేర్పితే కుక్క పట్టేది మీ అబ్బాయి చెమటను. అబ్బాయి క్రికెట్ ఆడి వచ్చిన ప్రతిసారీ ఇల్లు పీకి పందిరేస్తుంది.

ఇక నేర్పడం. ఫ్రీజర్ లోంచి తీసి చల్లదనం పోయాక, లో సీసా మూత తీసి కుక్క ముక్కు ముందు పెట్టాలి. వాసన చూడగానే ఉడికించిన చికెన్ ముక్క, చిన్నది, చిటికెన గోరంత. శాకాహారుల ఇంట్లో పనీర్ అయినా పర్వాలేదు. రోజుకు రెండు పూటలు, ఒక్కో పూట అయిదు నిమిషాలకు మించి వద్దు. ఇంకా ఆడదామని కుక్కకు ఉండగానే ఆపేయాలి. ఆ సీసాకూ ముక్కకూ లంకె కుదిరాక రెండు సీసాలు పెట్టండి. ఒకదానిలో లో, ఇంకోదానిలో ఉత్త దూది. తర్వాత మూడు, నాలుగు, వాటిలో మామూలు శాంపిళ్లు. ప్రతిసారీ వరుస మార్చాలి. లేకపోతే కుడి చివరిదే సరైనదని అది తేల్చేసుకుంటుంది.

వాసన పట్టినట్టు అది మనకు చెప్పాలి కదా. దానికి ఒక గుర్తు ఎంచుకోండి. ముక్కుతో మోకాలి మీద పొడవడమో, ముందుకాలు వేయడమో. మామూలుగా తిండి అడిగేటప్పుడు చేసే పని మాత్రం వద్దు, రెండూ కలిసిపోతాయి. మెడకు కట్టిన చిన్న తాడుముక్కను నోట కరిచి చూపించడం నేర్పేవాళ్లూ ఉన్నారు. నాకు అదే నచ్చుతుంది, అందులో అనుమానానికి తావుండదు.

ఇక్కడే అందరూ మోసపోయే మెట్టు ఒకటుంది. సీసాలు పెట్టిన మనిషే గదిలో నిలబడి చూస్తుంటే, సరైన సీసా దగ్గరికి రాగానే ఆ మనిషి ఊపిరి బిగబడుతుంది, కళ్లు అటు వెళతాయి. కుక్క వాసన చూడదు, మనల్ని చూస్తుంది. వందేళ్ల కిందట బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని ఊరంతా నమ్మింది. జవాబు దగ్గరపడేసరికి అడిగేవాళ్ల తలలో వచ్చే చిన్న కదలికను అది చదువుతోందని 1907లో తేలింది. కాబట్టి సీసాలు ఒకరు పెట్టి బయటికి వెళ్లిపోవాలి. ఏది ఎక్కడుందో తెలియని రెండోవాళ్లు కుక్కను లోపలికి తేవాలి. ఇంట్లో పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి, ఆటలా ఉంటుంది.

సీసాల్లో పదికి తొమ్మిది సార్లు సరిగ్గా చెబుతుంటే దూదిని ఒక చిన్న డబ్బాలో పెట్టి, షుగర్ ఉన్న మనిషి జేబులో దాచండి. వంటింట్లో ఉన్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, పడుకున్నప్పుడు. ఆఖరికి నిజమైన లో మీద. ఇదంతా అయ్యేసరికి నెలలు పడతాయి, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. అక్కడితో అయిపోయిందనుకోకూడదు. పాతబడ్డ శాంపిళ్లు పారేసి కొత్తవి తీస్తూ, వారానికి కొన్నిసార్లయినా సీసాల ఆట ఆడిస్తూ ఉండాలి.

ఇంట్లో అందరికీ ఒకే రూలు. కుక్క గుర్తు చూపించిందా, వేలు గుచ్చి మీటర్ చూడాలి. మీటర్ తక్కువ చూపిస్తే ముందు మనిషికి చక్కెర, వెంటనే కుక్కకు పండగ. బాగానే ఉంటే కుక్కను తిట్టకూడదు, ముక్క కూడా పెట్టకూడదు. సరే అని పంపేసి పదిహేను నిమిషాల తర్వాత ఇంకోసారి చూడండి, ఎందుకంటే షుగర్ జారుతూ ఉన్నప్పుడే కొన్ని కుక్కలు చెబుతాయి. ఇదంతా రాత్రి రెండింటికి కూడా చెయ్యాలి. పడుకోవే అని ఒకసారి కసిరితే చాలు, మళ్లీ లేపడానికి అది వెనకాడుతుంది. ఈ రూలు పాటించలేని ఇంట్లో కుక్కకు నేర్పడం దండగ అని నా అభిప్రాయం. నేర్చుకోవాల్సినవాళ్లు అక్కడ మనుషులే.

చక్కెర అన్నాను కాబట్టి ఒక మాట. పెద్దవాళ్లకైతే పదిహేను గ్రాములు, అంటే ఇంచుమించు మూడు చెంచాల పంచదారో గ్లూకోజ్ పొడో నీళ్లలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడటం డాక్టర్లు చెప్పే పద్ధతి. పిల్లలకు ఎంతో మీ డాక్టరే చెప్పాలి. చాక్లెట్, మైసూర్‌పాక్ ఈ పనికి రావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు. ఇంట్లో డాక్టర్ ఇచ్చిన, షుగర్‌ను పెంచే గ్లూకగాన్ మందు ఉంటే వాడి, 108కి ఫోన్ చెయ్యాలి.

షుగర్ ఉన్న ఇంట్లో కుక్కకూ ప్రమాదం ఉంది. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లలో, కొన్ని మిఠాయిల్లో జైలిటాల్ అనే తీపి వేస్తారు. మనకు ఫర్వాలేదు కానీ కుక్క తింటే దాని ఒంట్లో ఇన్సులిన్ ఒక్కసారిగా ఊరి, దానికే లో షుగర్ వస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. అలాంటి డబ్బాలు పై అరలో పెట్టండి.

సికింద్రాబాద్‌లో ఉండి ఈ పని చేసేవాళ్లకు ఇంకొన్ని చిక్కులు. కుక్క బడిలోకి రాదు, సిటీ బస్సెక్కదు. కాబట్టి పగలు బయట ఉన్నంతసేపూ మీటరో, సెన్సరో, జేబులో గ్లూకోజ్ పొట్లమో తప్పదు. మే నెల మధ్యాహ్నం ఎండకు నాలుక వేలాడేసి రొప్పే కుక్క వాసన సరిగ్గా పట్టలేదు. లష్కర్ బోనాల డప్పులకు, దీపావళి బాంబులకు బెదిరి మంచం కింద దూరిన కుక్క ఆ రాత్రి ఏమీ చెప్పదు. అసలు తీపి ఎక్కువగా తిని, దానికి ఇన్సులిన్ అటూఇటూ చేసేది కూడా పండగ రోజుల్లోనే. అలాంటి రాత్రులకు అలారం పెట్టుకుని లేచి మీటర్ చూడండి. చేతికి అంటించే సెన్సర్ అయితే ఫోన్‌లో దానంతటదే మోగుతుంది. రెండు వారాలకొకటి మార్చాలి, ఖర్చు వేలల్లో ఉంటుంది, నెలనెలా అందరికీ కుదరదు. కుదిరినవాళ్లు కుక్క ఉంది కదా అని సెన్సర్‌ను మానుకోవద్దు.

కుక్కలకు షుగర్ వైద్యంతో సంబంధం కొత్తది కాదు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ అనే ఇద్దరు ఒక కుక్కకు క్లోమం తీసేస్తే దానికి షుగర్ వచ్చింది. ఈ జబ్బు మూలం క్లోమంలో ఉందని అలా తెలిసింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కోసం వెతికింది కూడా కుక్కల మీదే, చాలా కుక్కలు చచ్చిపోయాయి. మరుసటి ఏడాది జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి తొలి సూది పడింది. ఇన్సులిన్ వచ్చాకే లో షుగర్ అన్న భయం కూడా ఇళ్లలోకి వచ్చింది.

ఇది విని ఎవరైనా రేపే మొదలుపెట్టాలనుకుంటే, నాదొక సలహా. మొదటి నెల సీసాల జోలికి పోకండి. ఒక నోట్‌బుక్ తీసుకుని రెండు గడులు గీయండి. కుక్క వింతగా ప్రవర్తించినప్పుడల్లా మీటర్ చూసి ఆ అంకె ఒక గడిలో రాయండి. కుక్క పక్కనే ఉండి కూడా ఏమీ చెప్పకుండా వచ్చిన లోలను రెండో గడిలో రాయండి. ఈ రెండో గడి రాయడానికి మనసొప్పదు, మన కుక్క గొప్పదని నమ్మాలనే ఉంటుంది, అయినా రాయండి. నెల తిరిగాక ఆ నోట్‌బుక్ మీ డాక్టర్‌కు చూపించండి. ముందు అసలు ఇన్ని లోలు ఎందుకు వస్తున్నాయో ఆయన చూస్తారు, మోతాదు సరిచేస్తే సగం తగ్గిపోవచ్చు. మిగిలిన సగం కోసం కొత్త గాజుసీసాలు కొనండి.